జానపదం, ఇంటి కష్టం కలిసిన సినిమాలు చెప్పండి (9 ఏళ్ల పాపతో చూడటానికి)

పగటికల | సోమవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదటిసారి.

మా అక్క ఆసుపత్రిలో చేరి నెలన్నర అవుతోంది. బావ అక్కడే ఉంటున్నారు. పాప నా దగ్గర ఉంది. పిల్లల్ని వార్డులోకి రానివ్వరు కాబట్టి వాళ్లమ్మతో రోజూ ఫోన్‌లో మాట్లాడించడమే. రాత్రిపూట కథ చెప్పందే నిద్రపోదు. మొన్న బాలనాగమ్మ కథ చెప్పాను. మాయల మరాఠీ ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందని, బాలవర్ధి వెళ్లి దాన్ని పట్టుకొచ్చాడని చెబుతుంటే, ముఖం మీంచి దుప్పటి తీసి "మరి అమ్మ జబ్బు ప్రాణం ఎందులో ఉంది పిన్నీ?" అంది. నాకు నోట మాట రాలేదు. రేపు చెబుతానని లైటు తీసేశాను.

నాలుగు రోజులైంది. ఆ రేపు ఇంకా రాలేదు.

ఈ శనివారం ఏదైనా సినిమా పెడదామనుకుంటున్నాను. పూర్తిగా మాయలు, మంత్రాలు ఉంటే అది నమ్మే వయసు దాటిపోతోంది. పూర్తిగా ఏడుపు అయితే నేనే చూడలేను. జానపద కథ ఉండాలి, మామూలు ఇంట్లో ఉండే బాధ కూడా ఉండాలి. అది పడుకున్నాక నేనొక్కదాన్నే చూసుకోవడానికి పెద్దవాళ్ల సినిమాలు చెప్పినా సరే.

రీలుమామ | సోమవారం, రాత్రి 11:05

అమ్మా, ముందు మీ అక్కగారు త్వరగా కోలుకోవాలి.

ఆలోచించక్కర్లేదు, 'మై నైబర్ టొటోరో' పెట్టండి. 1988 నాటి జపాన్ యానిమేషన్, హయావో మియాజాకి తీశాడు. అక్కాచెల్లెళ్లు ఇద్దరు. తల్లి ఆసుపత్రిలో. తండ్రి పిల్లల్ని తీసుకుని పల్లెలో పాత ఇంట్లో దిగుతాడు. ఆ అడవిలో ఒక పెద్ద బొద్దు ప్రాణి ఉంటుంది, పిల్లలకే కనిపిస్తుంది. కథంతా ఇంతే. విలన్ లేడు, యుద్ధం లేదు.

ఒక్క సంగతి ముందే చెబుతున్నా. మధ్యలో ఆసుపత్రి నుంచి టెలిగ్రామ్ వస్తుంది. తల్లి ఈ వారం ఇంటికి రావడం లేదని తెలుస్తుంది. అప్పటిదాకా ఇంటెడు చాకిరీ పెద్దదానిలా చేసుకొచ్చిన అక్క ఒక్కసారిగా గొల్లుమంటుంది. అక్కడ మీ పాప చెయ్యి పట్టుకుని కూర్చోండి. భయపడకండి, తల్లికి ఏమీ కాదు, వట్టి జలుబు.

మియాజాకి తల్లి కూడా ఆయన చిన్నప్పుడు వెన్నెముక క్షయతో ఏళ్ల తరబడి మంచాన పడింది. ఆ ఇల్లు, ఆ ఎదురుచూపు ఊహించి రాసింది కాదనిపిస్తుంది నాకు.

ఇంకో హెచ్చరిక. ఇది విడుదలైనప్పుడు ఒకే టికెట్ మీద దీంతోపాటు 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' కూడా వేశారు. అదే స్టూడియో కదా అని అది మాత్రం పొరపాటున కూడా పెట్టకండి. యుద్ధంలో తల్లి పోయిన అన్నాచెల్లెళ్ల కథ. పెద్దవాళ్లమే తట్టుకోలేం.

సగంనిద్ర | సోమవారం, రాత్రి 11:31

టొటోరోకి నాదీ ఓటు. దాని తర్వాత 'సాంగ్ ఆఫ్ ది సీ' (2014, టామ్ మూర్). ఐర్లండ్ జానపదంలో సెల్కీలు ఉంటాయి. సముద్రంలో సీల్, ఒడ్డుకొచ్చి చర్మం విప్పితే మనిషి. ఇందులో తల్లి సెల్కీ. చెల్లెలు పుట్టిన రాత్రే మాయమైంది. తండ్రి లైట్‌హౌస్‌లో పని చేస్తూ మౌనంగా కుమిలిపోతుంటాడు. అన్నయ్యకేమో చెల్లెలి మీద కోపం, ఇది పుట్టబట్టే అమ్మ పోయిందని. ఈ కోపాన్ని ఇంత నిజంగా చూపించిన పిల్లల సినిమా నేను ఇంకోటి చూడలేదు.

దీంట్లో మాకా అని ఒక మంత్రగత్తె. కొడుకు దుఃఖం చూడలేక అతన్ని రాయిని చేసేస్తుంది. ఎవరి బాధనైనా అలాగే లాగేసి సీసాల్లో బంధిస్తుంది. మాకాకీ, ఇంట్లో నాయనమ్మకీ ఒకే నటి గొంతు ఇచ్చింది. రాయైపోయిన కొడుక్కీ, తండ్రికీ ఒకే నటుడి గొంతు. రెండోసారి చూసినప్పుడు గాని నాకు తట్టలేదు. నాయనమ్మ దుర్మార్గురాలు కాదు. మనవల మంచి కోసమే సముద్రానికి దూరంగా తీసుకెళ్తుంది. మంత్రగత్తె చేసిందీ అదే.

కానీ పగటికల గారూ, చివర్లో తల్లి ఉండిపోదు. వీడ్కోలు చెప్పి వెళ్లిపోతుంది. ఇప్పుడు వద్దు. అక్క ఇంటికొచ్చాక చూడండి.

ఊరికే_చూస్తా | సోమవారం, రాత్రి 11:48

'ఎ మాన్‌స్టర్ కాల్స్' ఎవరూ చెప్పలేదేంటి? సరిగ్గా ఇదే సబ్జెక్టు. అమ్మకి జబ్బు, అబ్బాయి, చెట్టు రాక్షసుడు.

రీలుమామ | సోమవారం, రాత్రి 11:50

వద్దు!! పాపకి వద్దు. వివరం రేపు రాస్తా, ఈలోపు ఎవరూ లింకులు పెట్టకండి.

చందమామ_బ్యాచ్ | మంగళవారం, ఉదయం 7:15

అందరూ జపాన్, ఐర్లండ్ తిరిగొస్తున్నారు. పాప అడిగింది బాలనాగమ్మ కథ మీదే కదా. మనవి ఏమయ్యాయి?

'పాతాళ భైరవి' (1951) పెట్టండి. తోటరాముడు రాజకుమారుడు కాదు, తోటపని చేసుకునే తల్లి కొడుకు. రాజుగారు పెట్టిన షరతేమిటి? నాతో సమానంగా డబ్బు సంపాదించి రా, అప్పుడు పిల్లనిస్తా. ఇంతకన్నా మామూలు ఇంటి కష్టం ఏముంటుంది? ఎస్వీ రంగారావు మాంత్రికుడు ఆ అవసరాన్నే పట్టుకుంటాడు.

పెద్దవాళ్లకైతే 'అమ్మోరు' (1995, కోడి రామకృష్ణ). అత్తింట్లో నరకం చూస్తున్న కోడలు భవాని. అమ్మవారు చిన్నపిల్ల రూపంలో ఆ ఇంటికే పనిపిల్లగా వస్తుంది. నేనైతే ఆ పిల్ల ముందు గదిలో నిలబడి చూసే చూపుకే ఏడ్చేశాను. గ్రాఫిక్స్ అప్పటికి గొప్పే, కానీ నాకు గుర్తున్నది ఆ చూపే.

కొత్తకెమెరా | మంగళవారం, ఉదయం 9:40

చందమామ_బ్యాచ్ గారూ, రెండూ నాకూ ఇష్టమే. కానీ ఈ ప్రశ్నకి అవి జవాబు కావని నా అభిప్రాయం. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఏమనుకోకండి.

కష్టం పెట్టి, చివర దేవత వచ్చి తీర్చేస్తే ఆ కష్టం వట్టి నెపం అయిపోతుంది. దేవత గొప్పదనం చూపించడానికి కోడలు ఏడవాలి, అంతే. నాకు నచ్చేవి ఇంకో రకం. మాయ ఉంటుంది, కానీ అది కష్టాన్ని తీర్చదు.

ఉదాహరణకి మిజోగుచి 'ఉగెత్సు' (1953). పాత జపాన్ దెయ్యం కథలు తీసుకుని చేశాడు. కుండలు చేసుకునే గెంజురో యుద్ధకాలంలో నాలుగు డబ్బులు చూసేసరికి భార్యని, కొడుకుని వదిలి ఊరెళ్లి, అక్కడ ఒక అందమైన దెయ్యం మాయలో పడతాడు. చివరికి తప్పు తెలిసి ఇంటికొస్తాడు. ఆ షాట్ చూడాలి మీరు. తలుపు తోసుకుని లోపలికొస్తాడు. ఇల్లు చీకటి. పొయ్యి చల్లగా ఉంది. భార్యని పిలుస్తూ వెనక గుమ్మంలోంచి బయటికెళ్లి ఇంటి చుట్టూ తిరుగుతాడు. కెమెరా బయటికి పోదు. లోపలే ఉండి అతని వైపు మెల్లగా తిరుగుతుంది, కట్ లేదు. మళ్లీ పొయ్యి దగ్గరికొచ్చేసరికి నిప్పు వెలుగుతోంది, పక్కన భార్య కూర్చుని ఉంది. అదే షాట్, అదే గది. అతను తాగి పడుకుంటే రాత్రంతా బట్టలు కుడుతుంది. తెల్లారాక తెలుస్తుంది, ఆమెని సైనికులు ఎప్పుడో చంపేశారని.

ఆ దెయ్యం ఏ వరమూ ఇవ్వలేదు. పొయ్యి వెలిగించింది, బట్ట కుట్టింది. బతికున్నప్పుడు చేసిన పనే.

చందమామ_బ్యాచ్ | మంగళవారం, ఉదయం 10:22

చాలా బాగా రాశారు, ఒప్పుకుంటా. కానీ ఒక్క మాట అడగనివ్వండి. కష్టం తీరకపోతేనే గొప్ప కళ అని ఎవరు తేల్చారు?

అమ్మోరు చూడటానికి థియేటర్‌కి వచ్చిన ఆడవాళ్లలో ఎంతమంది అలాంటి ఇళ్లనుంచే వచ్చి ఉంటారు? వాళ్లకి ఆ కష్టం నెపం అని మీరెలా చెబుతారు? ఇంట్లో ఏ రోజూ ఎవరూ వాళ్ల పక్షాన నిలబడలేదు. రెండున్నర గంటలు ఒకరు నిలబడ్డారు. అది కూడా వాళ్లకి దక్కకూడదా?

ఇంకొకటి, పాతాళ భైరవిలో మాయ కష్టం తీర్చేసిందనడం తప్పు. కోరికలు తీర్చే ఆ విగ్రహం చేయి మారిన మరుక్షణం రాముడి మేడ, సంపద, రాజకుమారి అన్నీ పోతాయి. మళ్లీ మొదటికొస్తాడు. తర్వాత తెగువ, తెలివి వాడితేనే గెలిచాడు. సినిమా మళ్లీ చూసి రా, డింభకా!

కొత్తకెమెరా | మంగళవారం, ఉదయం 10:30

హహ. పాతాళ భైరవి విషయంలో ఓడిపోయాను. మేడ మాయమయ్యే సంగతి మర్చేపోయాను. అమ్మోరు గురించి ఇంకా ఆలోచిస్తున్నా.

దెయ్యాలంటే_భయం | మంగళవారం, మధ్యాహ్నం 1:08

పేరు చూసి నవ్వకండి. నాకు నిజంగానే భయం. అయినా ఒక దెయ్యం సినిమా చెబుతా, పెద్దవాళ్లకి మాత్రమే. 'అండర్ ది షాడో' (2016, బాబక్ అన్వరి). పర్షియన్ భాషలో ఉంటుంది. 1988లో టెహ్రాన్ మీద క్షిపణులు పడుతున్న రోజులు. ఆవిడ డాక్టర్ చదువుతూ మధ్యలో ఆపేసింది, ఇప్పుడు మళ్లీ చేరనివ్వరు. భర్తని డాక్టరుగా యుద్ధభూమికి పంపేశారు. ఇంట్లో తల్లీకూతుళ్లే. క్షిపణి ఒకటి పై అంతస్తులో పడి పేలకుండా ఉండిపోతుంది. పైకప్పు పగులుతుంది. గాలితో పాటు జిన్నులు వస్తాయని పక్కింటి మాటలు.

ఆవిడ నిచ్చెనెక్కి ఆ పగులుకి టేపు అంటిస్తుంది. కిటికీ అద్దాలకి అంటించే టేపే. పగులు ఊరుకోదు. నాకు జిన్ను కన్నా ఆ టేపు ఎక్కువ భయం వేసింది. ఎందుకంటే మనమూ అదే చేస్తాం కదా, ఇంట్లో ఏది పగిలినా.

పాప బొమ్మ పోతుంది. బొమ్మ దొరికితేగాని ఇల్లు వదలనంటుంది. జిన్ను మనకిష్టమైన వస్తువు దాచేస్తే మనం దానికి దొరికిపోయినట్టే అని నమ్మకం. పిల్లలున్న ఎవరికైనా తెలుసు, బయల్దేరే ముందు బొమ్మ కనపడకపోతే ఇంట్లో ఎంత టెన్షనో. దానికి జిన్ను అక్కర్లేదు.

సగంనిద్ర | మంగళవారం, మధ్యాహ్నం 1:40

అదే దారిలో 'హిజ్ హౌస్' (2020). దక్షిణ సుడాన్ యుద్ధం నుంచి పారిపోయి ఇంగ్లండ్ చేరిన భార్యాభర్తలు. ప్రభుత్వం ఒక పాడుబడ్డ ఇల్లిస్తుంది. ఉద్యోగం చేయకూడదు, ఆ ఇల్లు వదలకూడదు. ఆ ఇంటి గోడల్లో ఏదో ఉంది. భార్య ఒక కథ చెబుతుంది: సొంతిల్లు కావాలని దొంగతనాలు చేసిన పేదవాడు చివరికి ఒక అపెత్ (రాత్రిపూట తిరిగే మంత్రగాడు) ఇంట్లో దొంగిలించాడు, కట్టుకున్న ఇంట్లోకి అదే వచ్చి చేరింది. వీళ్లేం దొంగిలించారో చెప్పను. చూడండి. భర్త సుత్తి పట్టుకుని గోడలు పగలగొడుతుంటాడు. ఏ గోడ వెనక వెతికినా వాళ్లు తెచ్చుకున్నదే ఉంటుంది.

బాలనాగమ్మ కథలో ప్రాణం ఏడు సముద్రాల అవతల ఉంది కాబట్టి వెళ్లి తెచ్చేయొచ్చు. ఈ సినిమాల్లో చిలక మన ఇంట్లోనే వేలాడుతుంటుంది. చంపితే ఎవరు పోతారో తెలీదు.

చందమామ_బ్యాచ్ | మంగళవారం, మధ్యాహ్నం 2:02

ఈ చిలక మాట రాసి పెట్టుకున్నా.

అత్తాకోడళ్ల సంగతి వచ్చింది కాబట్టి ఒకటి. షిందో తీసిన 'ఒనిబాబా' (1964). నిలువెత్తు రెల్లుగడ్డి మధ్య గుడిసె. కొడుకు యుద్ధానికి పోయాడు. అత్తాకోడళ్లు దారితప్పిన సైనికుల్ని చంపి, కవచాలమ్మి తిండిగింజలు తెచ్చుకుంటారు. కోడలు ఇంకొకడితో వెళ్లిపోతే తనకి దిక్కులేదని అత్త భయం. ఆమెని బెదిరించడానికి రాక్షసి ముసుగు పెట్టుకుంటుంది. ఆ ముసుగు ఇక ఊడిరాదు. కోడల్ని గుడికి వెళ్లకుండా ఆపాలని ముసుగేసుకున్న అత్త కథ ఒకటి జపాన్ బౌద్ధుల్లో ఉంది, దాన్నుంచే తీసుకున్నారు. అక్కడ నీతికథ. ఇక్కడ ఆకలి వచ్చి చేరేసరికి ఎవరిని తిట్టాలో తెలీదు. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

నాగలోకం | మంగళవారం, సాయంత్రం 5:55

మన దేశం నుంచి 'దువిధ' (1973, మణి కౌల్). విజయదాన్ దేథా రాజస్థానీ జానపదం నుంచి రాసిన కథ. పెళ్లయిన వెంటనే వ్యాపారమని ఐదేళ్లకి మొగుడు వెళ్లిపోతాడు. ఒక దెయ్యం అతని రూపంలో ఇంటికొస్తుంది. భార్యకి మాత్రం నిజం చెప్పేస్తుంది. ఎంచుకోవడం ఆమె వంతు. ఇదే కథని 2005లో 'పహేలీ'గా షారుఖ్‌తో తీశారు. రంగులు, పాటలు, సుఖాంతం. పాతదాంట్లో ఆమెకి ఏమీ మిగలదు.

రెండూ వెంటవెంటనే చూస్తే కొత్తకెమెరా, చందమామ_బ్యాచ్ గొడవంతా తెర మీదే కనిపిస్తుంది.

రీలుమామ | మంగళవారం, రాత్రి 8:20

నిన్న మాటిచ్చాను కదా. 'ఎ మాన్‌స్టర్ కాల్స్' (2016, బయోనా). తల్లికి క్యాన్సర్. ప్రతి రాత్రి 12:07కి కిటికీ బయట ఉన్న యూ చెట్టు నడిచొచ్చి అబ్బాయికి కథలు చెబుతుంది. మూడు కథలు నేను చెబుతా, నాలుగోది నువ్వు చెప్పాలి, అదీ నిజం చెప్పాలి అంటుంది. తల్లికి ఇచ్చే ఆఖరి మందు కూడా యూ చెట్టు నుంచి తీసిందే. కాబట్టి చెట్టు వచ్చింది అమ్మని బతికించడానికే అని అబ్బాయి నమ్మకం. మందు పని చేయదు. తల్లి చనిపోతుంది. అందుకే వద్దన్నాను. సినిమా చెడ్డదని కాదు.

ఊరికే_చూస్తా | మంగళవారం, రాత్రి 8:31

సారీ అండీ. నేను ట్రైలర్ మాత్రమే చూసి చెప్పాను. పేరుకు తగ్గట్టే ఉన్నాను.

నిశ్శబ్దం | మంగళవారం, రాత్రి 11:57

నేను ఆ సినిమా ఆసుపత్రి కారిడార్‌లో చూశాను. రెండు ఇనుప కుర్చీలు కలుపుకుని, ఫోన్ బ్రైట్‌నెస్ బాగా తగ్గించి, ఒక చెవిలోనే ఇయర్‌ఫోన్ పెట్టుకుని. రెండో చెవి నర్సు పిలుపు కోసం. అమ్మ లోపల ఉంది. పదకొండో వారం.

ఆ అబ్బాయి చెప్పాల్సిన నాలుగో కథ ఏమిటంటే (స్పాయిలర్, కానీ రాయాలి), అమ్మ పోతోందన్న బాధ కన్నా, ఇదంతా ఎప్పుడు అయిపోతుందా అని తను లోలోపల ఎదురుచూశాడని. అది ఒప్పుకోలేక పీడకలలు. చెట్టు అతన్ని తిట్టదు. నీకు నొప్పి ఆగిపోవాలని ఉంది, అమ్మ పోవాలని కాదు, మనిషి ఒకేసారి రెండూ అనుకోగలడు అన్నట్టు చెబుతుంది.

నేను ఫోన్ ఆపి బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను. ఎందుకంటే ఆ మధ్యాహ్నమే బిల్లు కాగితం చేతికిచ్చినప్పుడు నేనూ అదే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

కొత్తకెమెరా గారూ, మీరన్నది నిజమే, మాయ కష్టాన్ని తీర్చదు. కానీ చందమామ_బ్యాచ్ గారన్నట్టు ఎవరో ఒకరు మన పక్షాన నిలబడటం కూడా అక్కడ జరిగింది. నాకైతే చెట్టు నిలబడింది.

పగటికల గారూ, పాపకి చూపించకండి. మీరు చూడండి. కానీ అక్కగారు బాగయ్యాక.

కొత్తకెమెరా | బుధవారం, ఉదయం 8:10

నిశ్శబ్దం గారూ, ఏం రాయాలో తెలియడం లేదు. చదివాను, అంతే.

రీలుమామ | బుధవారం, ఉదయం 9:02

మీరు చెప్పినందుకు మాకు మీ మీద గౌరవం పెరిగింది గానీ తగ్గలేదు.

ఇంకొకటి కలిపి వెళ్తా, పెద్దవాళ్లకే. 'వుల్ఫ్ చిల్డ్రన్' (2012, హొసోదా). తోడేలు మనిషిని ప్రేమించిన అమ్మాయి. అతను పోయాడు. ఇద్దరు పిల్లలు, ఇష్టం వచ్చినప్పుడు తోడేళ్లైపోతారు. ఒక రాత్రి కూతురు ఏదో మింగేస్తుంది. తల్లి భుజానేసుకుని పరిగెత్తి వీధిలో ఆగిపోతుంది. ఒక పక్క పిల్లల డాక్టరు, ఇంకో పక్క పశువుల డాక్టరు. ఎటు వెళ్లాలి? సినిమాలో భూతాలు, యుద్ధాలు ఏవీ లేవు. ఆ వీధి మాత్రం చాలు.

పగటికల | ఆదివారం, ఉదయం 11:20

అందరికీ విడివిడిగా జవాబు రాయలేకపోయాను. నిశ్శబ్దం గారి పోస్టు మూడుసార్లు చదివాను. నాకు అలాంటి ఆలోచన రాలేదని చెప్పలేను. ఇంతకుమించి ఇప్పుడు రాయలేను.

నిన్న రాత్రి టొటోరో చూశాం. టెలిగ్రామ్ దగ్గర పాప నా చెయ్యి పట్టుకోలేదు, నేనే దాని చెయ్యి పట్టుకున్నాను. చిన్నది తల్లికి ఇవ్వాలని మొక్కజొన్న కంకి పట్టుకుని ఒక్కతే బయల్దేరి తప్పిపోవడం, చెరువులో చెప్పు దొరకడం, అక్కడ మాత్రం లేచి నిలబడి చూసింది. పిల్లి బస్సు వచ్చి ఇద్దర్నీ ఆసుపత్రి ముందు చెట్టు మీద దించుతుంది కదా. వాళ్లు లోపలికి వెళ్లరు. కొమ్మ మీంచి అమ్మానాన్నల్ని చూస్తారు. కంకి కిటికీ దగ్గర పెట్టి వచ్చేస్తారు. దాని పొట్టు మీద 'అమ్మకి' అని గీసి ఉంటుంది.

అయిపోయాక చాలాసేపు మాట్లాడలేదు. చిలక గురించి అడుగుతుందేమో, ఏం చెప్పాలా అని నేను లోపల సిద్ధపడుతున్నాను. అడగలేదు. పళ్లు తోముకుంటూ, నోట్లో బ్రష్ పెట్టుకునే, "అమ్మ గది కిటికీ ఏ వైపుకి ఉంటుంది పిన్నీ?" అంది.

బావకి ఫోన్ చేశాం. రోడ్డు వైపేనట, మూడో అంతస్తు, నీలం కర్టెన్ ఉన్నది. సాయంత్రం ఐదింటికి కర్టెన్ తీసి ఉంచుతానన్నారు. పాప పొద్దుట్నుంచీ అట్ట మీద ఏదో రాస్తోంది, నన్ను చూడనివ్వడం లేదు. మళ్లీ వచ్చి చెబుతాను.